బ్రష్షులు లేని మోటారు – నికోలా టెస్లా జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, పూజ్యులైన కవిపండితుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఎక్కడో ఐరోపాలో ఒక కొండపల్లెలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన నికోలా టెస్లాను ఎంచుకున్నాను. ముప్పైయేళ్లపైగా ఫైళ్లు త్రిప్పినవాడినేగాని యంత్రాలు త్రిప్పినవాడిని కాను. అయినా ఈ పేరెందుకు పట్టుకున్నానో ముందుగా చెప్పుకోవాలి.

ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవరాలు మేడమీద మొక్కలకు నీళ్ల డబ్బా మోసుకుపోయే చిన్న బండి ఒకటి తయారుచేస్తానని కూర్చుంది. దానికి తెప్పించిన మోటారుకు మూడు తీగలున్నాయి. మా చిన్నప్పటి బొమ్మకారు మోటారుకు రెండే ఉండేవి. మూడోది ఎందుకమ్మా అని అడిగితే ఇది బ్రష్షులు లేని మోటారు తాతయ్యా అన్నది. పొలాల్లో పంపుసెట్టుకు మూడు ఫేజులుండటం నాకు తెలుసు. పిడికిలిలో పట్టే ఈ మోటారుకు, ఆ పంపుసెట్టుకు చుట్టరికం ఏమిటని తరచి చూస్తే రెండింటి మూలం ఒక్క మనిషి దగ్గరకు పోయి తేలింది.

బ్రష్షులంటే ఏమిటో తెలియాలంటే మన వంటింట్లోని మిక్సీని చూస్తే చాలు. చట్నీకి వేసి కాసేపు త్రిప్పితే క్రింది సందుల్లోంచి నీలంగా నిప్పురవ్వలు కనిపిస్తాయి, కాలిన వాసన వస్తుంది. రిపేరుకు తీసుకుపోతే కార్బన్లు అరిగిపోయాయండి అంటాడు. ఆ కార్బన్లే బ్రష్షులు. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించాలి. అందించటమేగాక అది సగం చుట్టు తిరిగేసరికల్లా కరెంటు దిశ మార్చాలి, లేకపోతే తిరిగినది మళ్లీ వెనక్కి వచ్చి ఆగిపోతుంది. ఆ దిశ మార్చేందుకు ఇరుసు మీద రాగిముక్కలతో చేసిన చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని కమ్యుటేటరు అంటారు. దానిని ఒరుసుకుంటూ రెండు బ్రష్షులు. రాపిడి, వేడి, నిప్పురవ్వలు, అరుగుదల అన్నీ అక్కడే.

ఈ నిప్పురవ్వలను చూసి ఒక విద్యార్థి ఊరుకోలేకపోవటంతోనే మన కథ మొదలవుతుంది.

నికోలా టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో జన్మించాడు. అది ఆనాడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది, నేడు క్రొయేషియా దేశంలో ఉంది. వారిది సెర్బియన్ కుటుంబం. తండ్రి మిలూటిన్ చర్చిలో పురోహితుడు. తల్లి జూకాకు చదవటం వ్రాయటం రాదు గాని, వేలకొద్దీ పద్యాలు నోటికి వచ్చేవి. ఇంటికి కావలసిన చిన్నచిన్న పనిముట్లు తానే కల్పించి చేసుకునేది. తనకు అబ్బిన నేర్పంతా తల్లిదేనని టెస్లా పెద్దయ్యాక వ్రాసుకున్నాడు. అన్నగారు చిన్నతనంలోనే గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖం ఆ ఇంటిని వదలలేదు. మిగిలిన ఒక్క కొడుకునూ తనలాగే పురోహితుణ్ణి చేయాలని తండ్రి పట్టుపట్టాడు.

పిల్లవాడికి ఇంజనీరింగు మీద మనసు. హైస్కూలు చదువు ముగించి ఇంటికి వచ్చేసరికి ఊళ్లో కలరా. తొమ్మిది నెలలు మంచం పట్టాడు. ఇక దక్కడనుకున్న స్థితిలో, నన్ను ఇంజనీరింగు చదవనిస్తే లేచి కూర్చుంటానేమో అని తండ్రితో అన్నాడట. తండ్రి సరేనన్నాడు. కుర్రవాడు లేచి కూర్చున్నాడు. అలా 1875లో గ్రాజ్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరాడు.

రెండవ ఏట భౌతికశాస్త్ర ఆచార్యుడు పోష్ల్, ప్యారిస్ నుండి క్రొత్తగా వచ్చిన గ్రామ్ యంత్రాన్ని తరగతిలో నడిపి చూపించాడు. త్రిప్పితే కరెంటు ఇస్తుంది, కరెంటిస్తే తిరుగుతుంది. మోటారుగా నడిపినప్పుడు బ్రష్షుల దగ్గర విపరీతంగా నిప్పులు రాలాయి. టెస్లా లేచి, ఈ బ్రష్షులూ కమ్యుటేటరూ లేకుండానే మోటారు నడపవచ్చు గదా అన్నాడు. ఆచార్యులవారికి అది అవివేకంగా తోచింది. అది ఎందుకు అసాధ్యమో నిరూపిస్తూ ఒక ఉపన్యాసమే ఇచ్చారు. తరగతి అందరి ఎదుట అలా జరిగితే ఇంకొకడైతే మళ్లీ నోరెత్తడు. టెస్లా కూడా కొంతకాలం ఆచార్యులు చెప్పినదే నిజమనుకున్నాడు. కాని లోపల ఏదో ఒప్పుకోలేదు.

ఇక్కడ మన కథానాయకుడి గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదటి ఏడాది రాత్రింబవళ్లు చదివి అందరినీ మించిన ఈ విద్యార్థి, తరువాత పేకాటలో, బిలియర్డ్సులో పడి పట్టా పుచ్చుకోకుండానే గ్రాజ్ విడిచిపెట్టాడు. 1879లో తండ్రి పోయాడు. జూదం ఎలా మానాడో కూడా ఆయనే వ్రాసుకున్నాడు. డబ్బంతా పోగొట్టుకుని వస్తే తల్లి ఇంట్లో ఉన్న నోట్ల కట్ట చేతిలో పెట్టి, ఇదీ పోగొట్టుకునిరా, ఎంత త్వరగా అయిపోతే అంత మంచిది అన్నదట. తిట్టలేదు, ఏడవలేదు. ఆ రోజుతో పేక ముట్టలేదు. ఇటువంటి తల్లులు మన వైపూ ఉన్నారు.

1881లో బుడాపెస్ట్ నగరంలో టెలిఫోను ఎక్స్ఛేంజి పనికి చేరాడు. అక్కడ నరాల జబ్బు చేసింది. గడియారం టిక్కుటిక్కుమన్నా తల పగిలేటంత శబ్దంగా వినిపించేదట. కోలుకుంటున్న రోజుల్లో, 1882 ఫిబ్రవరిలో, అంటాల్ సిగెటీ అనే స్నేహితునితో కలిసి సాయంకాలం నగరోద్యానంలో నడుస్తున్నాడు. సూర్యుడు క్రుంకుతున్నాడు. టెస్లాకు గోథే కావ్యం ఫౌస్ట్ కంఠోపాఠం. అస్తమయాన్ని వర్ణించే పద్యం చదువుతూ చదువుతూ ఉన్నచోటనే ఆగిపోయాడు. ఆరేళ్లనుంచి వెతుకుతున్నది తట్టింది. పుల్ల ఒకటి తీసుకుని ఇసుకలో బొమ్మ గీసి స్నేహితునికి చూపించాడు.

ఆ బొమ్మలో ఉన్నదేమిటో నాకు అర్థమైన రీతిలో చెబుతాను. వినాయకచవితి పందిళ్లకు సీరియల్ లైట్లు కడతారు. ఏ బల్బూ దాని చోటినుంచి కదలదు. ఒకటి వెలిగి ఆరుతుండగా ప్రక్కది వెలుగుతుంది, దాని తరువాత ఇంకొకటి. చూసేవారికి వెలుగే పరుగెత్తుతున్నట్లుంటుంది. టెస్లా అయస్కాంతాలతో ఆ పని చేశాడు. మోటారు చుట్టూ రాగితీగ చుట్టలు కదలకుండా బిగించి ఉంటాయి. పెరుగుతూ తగ్గుతూ దిశ మారుతుండే ఏకాంతర విద్యుత్తును, అంటే ఏ.సి.ని, ఒక చుట్టకు కొంచెం ముందు, మరొక చుట్టకు కొంచెం వెనుక అందేటట్లు పంపితే, అయస్కాంతశక్తి గుండ్రంగా తిరుగుతుంది. ఇనుమూ రాగీ ఏవీ కదలవు, శక్తి మాత్రమే తిరుగుతుంది. మధ్యలో ఉన్న లోహపు దిమ్మ దానివెంట పడి తిరుగుతుంది. తిరిగే దిమ్మకు కరెంటు అందించే పనే లేదు, అందులో కరెంటు దానంతటదే పుడుతుంది. కనుక బ్రష్షు లేదు, కమ్యుటేటరు లేదు, నిప్పురవ్వ లేదు. అరిగేవి ఇరుసు బేరింగులు మాత్రమే. మన ప్రాంతంలో త్రీ ఫేజ్ పంపుసెట్టు ఏళ్ల తరబడి నూతి గట్టున ఎండకు ఎండి వానకు తడిసి కూడా పనిచేయటానికి కారణం ఇదే.

ఊహ వచ్చింది గాని కొనేవాడు లేడు. ప్యారిస్‌లో ఎడిసన్‌గారి ఐరోపా కంపెనీలో ఉద్యోగం దొరికింది. వారి పనిమీద 1883లో స్ట్రాస్‌బర్గ్ వెళ్లి, అక్కడ తీరిక వేళల్లో తన మొదటి మోటారు స్వయంగా తయారుచేసి త్రిప్పి చూసుకున్నాడు. ఆ ఊరి పెద్దమనిషి ఒకరు ధనికులను పిలిచి చూపించారు. అందరూ చూశారు, బాగుందన్నారు, ఎవరూ పైసా పెట్టలేదు. పని ముగించి వస్తే ఇస్తామన్న బహుమానం కూడా ప్యారిస్‌లో ఒకరినుంచి ఒకరికి చేతులు మారి చివరకు రాలేదు. ఫైలు ఒక బల్లనుంచి ఇంకో బల్లకు తిరగటం మన ఆఫీసుల సొత్తు కాదని ఇది చదివాక తెలిసింది.

1884 జూన్‌లో న్యూయార్కులో దిగేసరికి జేబులో 4 సెంట్లున్నాయట. ఎడిసన్ యంత్రాల కార్ఖానాలో సుమారు ఆరు నెలలు పనిచేశాడు. డైనమోలను మెరుగుపరిస్తే 50,000 డాలర్లు ఇస్తానని అక్కడి మేనేజరు అన్నాడని, పని అయ్యాక అది పరిహాసమని తేలిందని టెస్లా తన ఆత్మకథలో వ్రాశాడు. కాగితం మీద లేని మాట. రాజీనామా చేశాడు. తరువాత కొందరు పెట్టుబడిదారులతో కలిసి వీధిదీపాల కంపెనీ పెట్టాడు. దీపాలు వెలిగాయి, కంపెనీ వాళ్లదైంది, ఆయన చేతిలో విలువలేని వాటా కాగితాలు మిగిలాయి. 1886, 87 ప్రాంతాల రోజుకు రెండు డాలర్ల కూలికి గుంటలు త్రవ్వాడు. ప్రపంచానికి కరెంటు మోటారు ఇవ్వగల బొమ్మ తలలో పెట్టుకుని పలుగు పట్టుకున్న ఆ చలికాలం గురించి చదివినప్పుడు నేను పుస్తకం కాసేపు మూసివేశాను.

ఆ కూలీల మేస్త్రీయే ఈయన మాటలు విని, తనకు తెలిసిన టెలిగ్రాఫు కంపెనీ ఇంజనీరు బ్రౌన్ అనే ఆయన దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన ద్వారా పెక్ అనే న్యాయవాది పరిచయమయ్యాడు. పెక్‌కు ఏ.సి. మీద నమ్మకం లేదు. టెస్లా ఆలోచించి, గ్రుడ్డును నిలబెట్టిన కొలంబస్ కథ గుర్తుచేసి, నేను కరెంటుతో నిలబెడితే డబ్బు పెడతారా అన్నాడు. బల్లక్రింద తన తీగచుట్టలు అమర్చి, పైన రాగిపూత పూసిన గ్రుడ్డు పెట్టి స్విచ్చి వేశాడు. గ్రుడ్డు గిర్రున తిరుగుతూ తిరుగుతూ మొనమీద నిలబడింది. 1887 ఏప్రిల్‌లో టెస్లా ఎలక్ట్రిక్ కంపెనీ ఏర్పడింది. నూరు లెక్కలు చెప్పినా కదలని మనిషి ఒక్క గ్రుడ్డుకు కదిలాడు.

1888 మే 1న ఆయన పేటెంట్లు మంజూరయ్యాయి. మే 16న అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఎదుట ఉపన్యసించాడు. ఇసుకలో పుల్లతో గీసిన బొమ్మలే ఆరేళ్ల తరువాత ఆ సభలో చూపించాడు. ఇక్కడ న్యాయంగా మరి ఇద్దరిని చెప్పుకోవాలి. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ అనే ఆచార్యుడు 1885లోనే స్వతంత్రంగా ఇదే సూత్రం కనుగొని, 1888 మార్చిలో ప్రకటించాడు. టెస్లా మొదట చేసినవి ఎక్కువగా రెండు ఫేజుల యంత్రాలు. నేడు మన పంపుసెట్టులో, మా మనవరాలి మోటారులో ఉన్న మూడు ఫేజుల పద్ధతిని ఆచరణలో స్థిరపరచింది జర్మనీలో పనిచేసిన దొలీవొ దొబ్రొవొల్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు, 1889 ప్రాంతంలో. చుట్టరికం టెస్లాదే అయినా, మూడో తీగ ఘనతలో దొబ్రొవొల్‌స్కీకి పెద్ద వాటా ఉంది.

ఆ సంవత్సరమే పిట్స్‌బర్గ్ పారిశ్రామికుడు జార్జి వెస్టింగ్‌హౌస్ ఆ పేటెంట్లు తీసుకున్నాడు. ముందుగా కొంత సొమ్ము, ఆ పైన తయారయ్యే ప్రతి హార్స్‌పవరుకు రెండున్నర డాలర్ల రాయల్టీ. రెండు మూడేళ్లలో డబ్బు మార్కెట్లు తలక్రిందులయ్యాయి. ఈ రాయల్టీ షరతు తీసివేస్తేనే అప్పులిస్తామని బ్యాంకర్లు వెస్టింగ్‌హౌస్‌ను ఒత్తిడి చేశారు. ఆయన వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పగా, ఎవరూ నమ్మని రోజుల్లో నన్ను నమ్మారు గదా అని టెస్లా ఒప్పందపు కాగితాన్ని చింపివేశాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. చింపాడో సంతకమే చేశాడో గాని, రాయల్టీ వదులుకున్నది మాత్రం వాస్తవం. 1897లో 2,16,000 డాలర్లు మొత్తంగా ఇచ్చి వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆ పేటెంట్ల హక్కు పూర్తిగా కొనివేసింది. ప్రపంచంలో ఆ తరువాత తిరిగిన హార్స్‌పవర్లెన్నో మనం లెక్క కట్టలేం. స్నేహధర్మం మెచ్చుకోవలసినదే. అయినా నాబోటి గుమాస్తా ఆయన ప్రక్కన ఉండి ఉంటే, పూర్తిగా వదలకండి బాబూ, కొంతకాలం వాయిదా వేసినట్లు వ్రాయించుకోండి అని చెప్పి ఉండేవాడు.

తరువాతి సంగతులు చాలామందికి తెలిసినవే గనుక త్వరగా చెబుతాను. డి.సి. మేలన్న ఎడిసన్ పక్షానికీ, ఏ.సి. మేలన్న వెస్టింగ్‌హౌస్ పక్షానికీ పెద్ద పోరు జరిగింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన ఏ.సి. దీపాలతో వెలిగింది. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంగానే. నయాగరా జలపాతం వద్ద ఒక్కొక్కటి 5,000 హార్స్‌పవర్ల జనరేటర్లు టెస్లా పద్ధతిలో నెలకొల్పారు. 1896 నవంబరులో అక్కడి కరెంటు బఫెలో నగరం చేరింది. ఆ ఏడాది మొదట్లో న్యూయార్కులో వివేకానందస్వామి టెస్లాను కలుసుకున్నారు. ప్రాణం, ఆకాశం అనే మన తత్త్వభావాలు టెస్లాను ఆకర్షించాయనీ, జడమూ శక్తీ ఒకే మూలానికి చెందినవని గణితంతో చూపగలనని అన్నాడనీ స్వామి ఒక మిత్రునికి ఉత్తరం వ్రాశారు. ఆ గణితం టెస్లా చేతినుండి వెలువడలేదు. నడుమ 1895 మార్చిలో ఆయన ప్రయోగశాల పూర్తిగా తగలబడింది. బీమా లేదు.

మా మనవరాలి బండికి సంబంధించిన రెండవ ఘట్టం 1898. న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విద్యుత్ ప్రదర్శన. నీళ్ల తొట్టిలో సుమారు నాలుగడుగుల ఇనుప పడవ. తీగ లేదు, మనిషి లేడు. దూరంగా నిలబడి టెస్లా ఒక పెట్టె మీద మీట త్రిప్పితే పడవ బయలుదేరింది, మలుపు తిరిగింది, దీపాలు వెలిగించింది. 64కు ఘనమూలమెంత అని ఎవరో అడిగితే దీపం నాలుగుసార్లు వెలిగి ఆరింది. లోపల కోతి ఉన్నదని కొందరు, మంత్రమని కొందరు అనుకున్నారట. పేటెంటు అధికారి స్వయంగా వచ్చి చూసిన తరువాతగాని నమ్మలేదు. అప్పటికి రోబోట్ అనే మాటే పుట్టలేదు. అది 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో వచ్చింది. ఇటువంటి యంత్రాలు మున్ముందు తామే చూచి, తామే నిర్ణయించుకుని పనిచేస్తాయని టెస్లా అంతకుముందే వ్రాశాడు.

ఇందులో నాకు అన్నిటికంటె వింతగా తోచినది ఒకటుంది. బ్రష్షులు లేని మోటారుకు తండ్రి అనదగిన ఆ మనిషి, తన పడవలో ఆ మోటారు పెట్టలేకపోయాడు. పడవలో ఉండేది బ్యాటరీ, బ్యాటరీనుంచి వచ్చేది డి.సి. దాన్ని తిరిగే శక్తిగా మార్చి చుట్టలకు వంతులవారీగా పంచే సాధనం ఆ రోజుల్లో చిన్న పడవలో పట్టేది కాదు. కాబట్టి ఆ పడవ బ్యాటరీ మోటార్లకు మళ్లీ ఆ బ్రష్షులే దిక్కు. ఆయన రెండు బిడ్డలు ఒకే ఇంట్లో ఉండలేకపోయాయి.

అవి కలుసుకోవటానికి ట్రాన్సిస్టర్లు రావలసివచ్చింది. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు, కమ్యుటేటరు చేసే పనిని ఎలక్ట్రానిక్ స్విచ్చులతో చేయించి బ్రష్షులు లేని డి.సి. మోటారు గురించి పత్రం ప్రకటించారు. 1980ల్లో నియోడిమియం అనే లోహం కలిపిన బహు బలమైన అయస్కాంతాలు వచ్చాయి. టెస్లా దిమ్మలో కరెంటు పుడితే, ఈ మోటార్లలో తిరిగే భాగానికి ఈ అయస్కాంతాలే అంటించి ఉంటాయి. చుట్టూ పరుగెత్తే శక్తి మాత్రం ఆనాడు ఇసుకలో గీసినదే. ఇప్పుడు మన ఇళ్లకు వస్తున్న బి.ఎల్.డి.సి. సీలింగు ఫ్యాన్లు కూడా ఈ కోవలోవే.

మా ఇంటి ప్రయోగం సంగతి కూడా చెప్పాలి. మొదట తెప్పించిన మోటారు గాలిలో ఎగిరే డ్రోనులకు వాడేది. దానిమీద 1000 కె.వి. అని వ్రాసి ఉంది. నాకు గుండె గుభేలుమంది. మా ఊరి సబ్‌స్టేషనే 33 కె.వి. అది కిలోవోల్టు కాదనీ, ఒక్కొక్క వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు అని అర్థమనీ మనవరాలు నవ్వుతూ చెప్పింది. 11 వోల్టుల బ్యాటరీకి నిమిషానికి 11 వేల చుట్లు! మన 4 పోళ్ల పంపుసెట్టు సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. వెనక్కి తిరుగుతుంటే రెండు తీగలు అటూయిటూ మార్చమన్నాను, పంపుసెట్టుకు ఎలక్ట్రీషియను చేసేది అదే గదా. మార్చగానే ముందుకు తిరిగింది. ఆ పూట నా ప్రతిష్ఠ పెరిగింది.

కాని ఐదు లీటర్ల నీళ్ల డబ్బా ఎక్కించేసరికి చక్రం గిజగిజలాడి ఊరుకుంది. వేగానికి చేసిన మోటారు బరువుకు లొంగదు. అదిగాక, ఆగి ఉన్నప్పుడు అయస్కాంతం ఏ వైపున ఉన్నదో దాని కంట్రోలరుకు తెలియదు. తిరుగుతున్నప్పుడు చుట్టల్లో పుట్టే వోల్టేజిని బట్టి కనిపెడుతుంది, ఆగినప్పుడు గ్రుడ్డిదే. అందుకని పిల్ల పాత హోవర్ బోర్డు చక్రాలు రెండు సెకండు హ్యాండులో సంపాదించింది. చక్రంలోపలే మోటారు ఉంటుంది. మూడు లావు తీగలతోబాటు ఐదు సన్నతీగలుంటాయి. అవి హాల్ సెన్సారులవి, అయస్కాంతం ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు చెబుతాయి.

ఇక్కడ నా పంపుసెట్టు విద్య బెడిసికొట్టింది. ఒక చక్రం వెనక్కి తిరుగుతుంటే యథాప్రకారం రెండు లావు తీగలు మార్చమన్నాను. చక్రం గుర్రుమని కొట్టుకుంది, చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. సన్నతీగలు చెప్పే వరుసకూ, లావు తీగలు నడిచే వరుసకూ పొంతన లేదన్నమాట. పిల్ల ముఖం చిన్నబోయింది. మోటారు కాలిపోయిందేమోనని నాకూ భయం వేసింది. ఇక నాకు తెలిసిన ఒకే ఒక విద్య బయటికి తీశాను. నోటుపుస్తకంలో గళ్లు గీయించి రిజిస్టరు పెట్టించాను. మూడు తీగలను కలపటానికి ఆరే పద్ధతులు. ఒక్కొక్కటి కలపటం, రెండు క్షణాలు మాత్రం నడపటం, మీటరులో ఎన్ని ఆంపియర్లు లాగిందో వ్రాయటం. ఐదో వరుసలో కరెంటు అన్నిటికంటె తక్కువ, చప్పుడు లేదు. అదే సరియైనది. దిశ మార్చాలంటే తీగలు కాదు, కంట్రోలరులోనే మార్చాలని తరువాత తెలుసుకుంది. బండి ఇప్పుడు నీళ్లతో సహా మేడంతా తిరుగుతోంది. గడప మాత్రం ఎక్కలేదు.

టెస్లా చివరి సగం జీవితం చెప్పటానికి మనసొప్పదు గాని చెప్పాలి. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో కృత్రిమంగా పిడుగులు పుట్టించాడు. 1901లో మోర్గన్ అనే కోటీశ్వరుడు ఇచ్చిన 1,50,000 డాలర్లతో, తీగలు లేకుండా వార్తలూ చివరకు కరెంటూ పంపాలని న్యూయార్కు సమీపాన వార్డెన్‌క్లిఫ్‌లో గోపురం మొదలుపెట్టాడు. ఆ డిసెంబరులో మార్కోనీ అంతకంటె ఎంతో తక్కువ ఖర్చుతో అట్లాంటిక్ దాటించి సంకేతం పంపానని ప్రకటించాడు. మోర్గన్ మరి డబ్బివ్వలేదు. హోటలు బాకీ క్రింద ఆ స్థలం పోయింది, 1917లో గోపురం పడగొట్టారు. అదే సంవత్సరం ఆయనకు ఎలక్ట్రికల్ ఇంజనీర్లు ఇచ్చిన గౌరవ పతకం పేరు ఎడిసన్ పతకం! తీసుకోవటానికి మొదట ఇష్టపడలేదంటే తప్పు పట్టలేం.

పెళ్లి చేసుకోలేదు. హోటలు గదుల్లోనే బ్రతికాడు, బాకీలు పెరిగినచోటల్లా గది మారింది. సాయంకాలాలు పావురాలకు గింజలు వేసేవాడు. జబ్బు చేసిన పావురాలను గదికి తెచ్చి సాకేవాడు. 1934 నుంచి వెస్టింగ్‌హౌస్ కంపెనీ నెలకు 125 డాలర్లు, హోటలు గది అద్దె ఇవ్వసాగింది. దానం అంటే ఆయన పుచ్చుకోడు గనుక సలహా ఇంజనీరు జీతం అనే పద్దు క్రింద వ్రాశారు. ఆ పద్దు పేరు ఆలోచించిన గుమాస్తా ఎవరో గాని ఆయనకు నా నమస్కారం. తరువాత యుగోస్లావియా ప్రభుత్వం కూడా గౌరవ భృతి ఇచ్చింది. మనకు నెల మొదట పింఛను జమకాకపోతే ఎంత ఆందోళన పడతామో మనకు తెలుసు. హార్స్‌పవరుకు రెండున్నర డాలర్లు వదులుకున్న మనిషి 78 ఏళ్ల వయసులో ఆ 125 డాలర్ల మీద ఆధారపడ్డాడు.

1943 జనవరి 7న హోటల్ న్యూయార్కర్, 33వ అంతస్తు, 3327వ నెంబరు గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. వయసు 86. అంత్యక్రియలకు రెండువేలమందికి పైగా వచ్చారు. 1960లో అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణానికి టెస్లా అని పేరు పెట్టారు. కాగితాలు, సామాను బెల్‌గ్రేడ్ నగరానికి చేర్చి మ్యూజియం కట్టారు. 1957లో ఆయన చితాభస్మాన్ని కూడా అక్కడికే తెచ్చి బంగారుపూత గోళంలో ఉంచారు. ఆ మ్యూజియానికి వెళ్లినవారికి తీగచుట్టల నడుమ రాగి గ్రుడ్డును పెట్టి స్విచ్చి వేసి చూపిస్తారు. అది తిరిగి తిరిగి మొనమీద నిలబడుతుంది.